క్లాజ్, ఫ్రేజ్ తేడా: సరిహద్దు బడుల పిల్లలకు ఏ దారిన చెప్పాలి?

నాగావళి, రాయగడ

తొమ్మిది, పది తరగతులకు ఇంగ్లిషు చెప్పేవాళ్ల సాయం కావాలి. ఫ్రేజ్ అంటే ఏమిటి, క్లాజ్ అంటే ఏమిటి అని అడిగితే పిల్లలు నిర్వచనం తడుముకోకుండా అప్పజెబుతున్నారు. "కర్త, క్రియ ఉంటే క్లాజ్, క్రియ లేకపోతే ఫ్రేజ్." కానీ కింది మూడు వాక్యాలు బోర్డు మీద రాస్తే తరగతిలో సగం మంది తప్పుతున్నారు.

"సీయింగ్ ద పోలీస్, ద థీఫ్ ర్యాన్ అవే."
"ఐ నో వేర్ హి లివ్స్."
"ద రోడ్ బిల్ట్ లాస్ట్ ఇయర్ ఈజ్ బ్రోకెన్."

మొదటిదాంట్లో 'సీయింగ్' క్రియే కదా, అదీ క్లాజే అంటున్నారు. మూడోదాంట్లో 'బిల్ట్' చూసి రెండు క్లాజులంటున్నారు. రెండోదాంట్లో ఒక్కటే అంటున్నారు. ఇక్కడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లిషు. ఈ మూడూ దృష్టిలో పెట్టుకుని చెప్పే పద్ధతి ఉంటే చెప్పండి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

నాగావళి గారూ, లోపం పిల్లల్లో లేదు, నిర్వచనంలోనే ఉంది. "క్రియ ఉంటే క్లాజ్" అనడం సరిపోదు, "సమాపక క్రియ ఉంటే క్లాజ్" అనాలి. తెలుగు వ్యాకరణంలో ఈ మాట ఎప్పటి నుంచో ఉంది. వచ్చి, వస్తూ, వస్తే, వచ్చిన: ఇవన్నీ అసమాపకాలు, వాక్యాన్ని ముగించలేవు. వచ్చాడు, వస్తాడు, వస్తున్నాడు సమాపకాలు. ఇంగ్లిషులో 'సీయింగ్', 'టు సీ', 'సీన్' అసమాపకాలు. 'సీస్', 'సా' సమాపకాలు.

గుర్తుపట్టడానికి వాక్యంలో కాలం మార్చమనండి. జరిగిపోయినదాన్ని రేపటికి మార్చితే "సీయింగ్ ద పోలీస్, ద థీఫ్ విల్ రన్ అవే" అవుతుంది. ఏ మాట మారిందో అదే సమాపక క్రియ. 'సీయింగ్' కదల్లేదు కాబట్టి అక్కడ క్లాజ్ లేదు, ఫ్రేజే ఉంది.

'బిల్ట్' దగ్గర ఇంకో చిక్కు ఉంది. దాని రెండో రూపం, మూడో రూపం ఒకటే, అందుకే కంటికి భూతకాలంలా కనిపిస్తుంది. దాని స్థానంలో రెండు రూపాలూ వేరుగా ఉండే క్రియ పెట్టి చూడాలి. 'టుక్', 'టేకెన్' జంట బాగా పనికొస్తుంది. "ద రోడ్ టేకెన్ లాస్ట్ ఇయర్" అని కుదురుతుంది, "ద రోడ్ టుక్ లాస్ట్ ఇయర్" అంటే అర్థమే పోతుంది. కుదిరింది మూడో రూపం కాబట్టి 'బిల్ట్' అసమాపకం. ఆ వాక్యంలో సమాపక క్రియ 'ఈజ్' ఒక్కటే, క్లాజూ ఒక్కటే.

ఇంకొకటి. "హ్యాజ్ బీన్ వెయిటింగ్"లో మూడు మాటలున్నా మూడు క్రియలుగా లెక్కపెట్టకూడదు. అది ఒకే క్రియాగుచ్ఛం, అందులో మొదటి మాట 'హ్యాజ్' మాత్రమే సమాపకం. 'కెన్ గో', 'విల్ బి డన్' కూడా అంతే.

వంశధార, గుణుపురం

మహేంద్రతనయ మాస్టారు చెప్పినదానికి ఒక హెచ్చరిక చేర్చాలి. తెలుగు సబ్జెక్టు చదివిన పిల్లలు దీనికి అడ్డంగా ఇంకో మాట నేర్చుకుని ఉంటారు. "పోలీసును చూసి దొంగ పారిపోయాడు": తెలుగు వ్యాకరణంలో ఇది సంక్లిష్ట వాక్యం, ఎందుకంటే అసమాపక క్రియ ఉంది. ఆ మాటను కాంప్లెక్స్ సెంటెన్స్ అని అనువదించుకుని ఇంగ్లిషు పరీక్షలోనూ అదే రాస్తారు. మార్కు పోతుంది. ఇంగ్లిషులో "సీయింగ్ ద పోలీస్, ద థీఫ్ ర్యాన్ అవే" సింపుల్ సెంటెన్సే. అక్కడ కాంప్లెక్స్ కావాలంటే రెండో సమాపక క్రియ రావాలి: "వెన్ హి సా ద పోలీస్, ద థీఫ్ ర్యాన్ అవే."

అంటే తెలుగు అసమాపక క్రియతో చేసే పనిని ఇంగ్లిషు రెండు విధాలుగా చేస్తుంది. ఒకటి ఫ్రేజ్‌తో, రెండోది పూర్తి క్లాజుతో. సింపుల్‌ని కాంప్లెక్స్‌గా మార్చమనే ప్రశ్నలన్నీ ఈ రెంటి మధ్య రాకపోకలే. ఇది ముందే చెప్పి పెడితే ఆ పాఠం బరువు సగం తగ్గుతుంది.

ప్రాణహిత, సిరొంచ

మా దగ్గర మరాఠీ బడి పిల్లలకు గిదే తిప్పలు. సమాపక క్రియ పట్టుకున్నంక రెండో మెట్టు లెక్క. వాక్యంల సమాపక క్రియలు ఎన్నుంటే క్లాజులు అన్ని. వాటిని కలిపే లింకులు దానికంటె ఒకటి తక్కువ ఉండాలె. మూడు క్లాజులుంటే రెండు లింకులు.

"వెన్ ద రివర్ రైజెస్, ద బోట్స్ స్టాప్ అండ్ పీపుల్ వెయిట్." క్రియలు రైజెస్, స్టాప్, వెయిట్, మూడు. లింకులు వెన్, అండ్, రెండు. లెక్క కుదిరింది.

లింకు తక్కువైతే ఒక రకం తప్పు: "ద రివర్ రోజ్, ద బోట్స్ స్టాప్‌డ్." రెండు క్లాజులు, లింకు సున్నా. కామా లింకు కాదు. ఫుల్‌స్టాప్ పెట్టాలె, లేకుంటే సెమికోలన్, లేకుంటే 'సో' లాంటి మాట.

లింకు ఎక్కువైతే ఇంకో రకం తప్పు: "ఆల్‌దో ఇట్ రెయిన్‌డ్, బట్ వి వెంట్." రెండు క్లాజులకు రెండు లింకులు. ఒకటి తీసెయ్యాలె. ఈ తప్పు తెలుగు కెల్లి రాదు. "వాన పడినా పోయినం"ల గుర్తు ఒక్కటే ఉంటది. మరాఠీల 'జరీ' అంటె వెనక 'తరీ' వస్తది. ఒడియాల 'జదిఓ' వెనక 'తథాపి' వస్తదని చదివిన. బడి భాషల జంట అలవాటైన పిల్లగాడు ఇంగ్లిషుల గూడ జంట పెడ్తడు. 'బికాజ్' పెట్టి మళ్ల 'సో' పెట్టుడు గూడ గంతే.

లింకు ఉండి క్లాజు తక్కువైతే మూడో రకం: "బికాజ్ ద బస్ వాజ్ లేట్." అని రాసి ఫుల్‌స్టాప్ కొడ్తరు. క్రియ ఒకటి, లింకు ఒకటి. వాక్యం పూర్తి కాలేదు. మెయిన్ క్లాజు, అంటె ఒంటిగ నిలిచే క్లాజు, యాడ ఉన్నదో అడగాలె.

నాగావళి, రాయగడ

ఒడియాలో 'జదిఓ, తథాపి' నిజమే, 'జెహెతు, తేణు' కూడా జంటే. ఇంతకాలం ఇది తెలుగు ప్రభావం అనుకునేవాళ్లే ఎక్కువ. ప్రాణహిత గారూ, రెండు అనుమానాలు. "ఐ థింక్ హి ఈజ్ ఎట్ హోమ్"లో రెండు క్రియలున్నాయి, లింకు లేదు. మరి తప్పా? అలాగే 'ఇఫ్' పెట్టి 'దెన్' పెడితే తప్పు కాదేం?

ప్రాణహిత, సిరొంచ

మొదటిదాంట్ల 'దట్' దాగి ఉన్నది. "ఐ థింక్ దట్ హి ఈజ్ ఎట్ హోమ్." దాన్ని బయటికి తీసి లెక్కపెట్టాలె. "ద బుక్ యు గేవ్ మి ఈజ్ లాస్ట్"ల గూడ 'విచ్' దాగింది. కని ఇది అన్నిసార్లు దాగదు. 'హూ', 'విచ్' లాంటి రిలేటివ్ మాట తన క్లాజుల కర్మ అయితేనే తీసెయ్యొచ్చు. "ద బాయ్ హూ కేమ్ ఈజ్ మై కజిన్"ల 'హూ' కర్త, దాన్ని తీసేస్తే "ద బాయ్ కేమ్ ఈజ్" అయితది, వాక్యం కూలిపోతది.

'దెన్' లింకు కాదు, క్రియావిశేషణం. అందుకే 'ఇఫ్' పక్కన ఉన్నా లెక్క చెడదు. పాత వ్యాకరణాలు 'ఆల్‌దో' తర్వాత 'యెట్' ఒప్పుకునేది గూడ ఇందుకే. 'బట్' అట్ల కాదు.

వంశధార, గుణుపురం

ఇక ఏ రకం క్లాజు అన్నది. ఇక్కడ పిల్లలకు చెప్పకూడని మాట ఒకటుంది: "వెన్, వేర్ వస్తే అడ్వర్బ్ క్లాజ్, హూ, విచ్ వస్తే అడ్జెక్టివ్ క్లాజ్, దట్ వస్తే నౌన్ క్లాజ్." లింకును చూసి పేరు పెట్టడం మొదలైతే ఇక దారి తప్పినట్టే. మొహం ఒకటే, ఉద్యోగాలు మూడు.

"ఐ నో వేర్ హి లివ్స్." ఆ క్లాజు తీసి 'ఇట్' పెట్టండి. "ఐ నో ఇట్." కుదిరింది, నౌన్ క్లాజ్.
"ద విలేజ్ వేర్ హి లివ్స్ ఈజ్ ఫార్." ఏ ఊరు అన్న ప్రశ్నకు జవాబు, పక్కనే నామవాచకం ఉంది, అడ్జెక్టివ్ క్లాజ్.
"స్టే వేర్ యు ఆర్." క్లాజు తీసి 'దేర్' పెట్టండి. "స్టే దేర్." అడ్వర్బ్ క్లాజ్.

రకం తెలిస్తే ఏం లాభం అని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. లాభం 'విల్' దగ్గర కనిపిస్తుంది. "ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్": నౌన్ క్లాజ్, 'విల్' ఉండొచ్చు. "వెన్ హి కమ్స్, కాల్ మి": అడ్వర్బ్ క్లాజ్, భవిష్యత్తు గురించే అయినా 'విల్' రాదు. 'ఇఫ్' కూడా అంతే. "ఐ డోంట్ నో ఇఫ్ ద ట్రెయిన్ విల్ స్టాప్" సరైనది, "ఇఫ్ ద ట్రెయిన్ విల్ స్టాప్, వి గెట్ డౌన్" తప్పు. తెలుగులో మొదటిదానికి 'ఆగుతుందో లేదో' అంటాం, రెండోదానికి 'ఆగితే' అంటాం. "ఓ" వచ్చిన చోట 'విల్' పెట్టొచ్చు, "తే" వచ్చిన చోట వద్దు అంటే ఏడో తరగతి పిల్లలకు కూడా పట్టుబడుతుంది.

'దట్' విషయంలోనూ రెండు పనులున్నాయి. "ద న్యూస్ దట్ ద బ్రిడ్జ్ వాజ్ క్లోజ్‌డ్": 'దట్' తర్వాత వాక్యం నిండుగా ఉంది, ఏ లోటూ లేదు, నౌన్ క్లాజ్. "ద న్యూస్ దట్ హి బ్రాట్": 'బ్రాట్' తర్వాత ఖాళీ ఉంది, ఏం తెచ్చాడు? ఖాళీ ఉంటే అడ్జెక్టివ్ క్లాజ్, అక్కడ 'విచ్' కూడా పెట్టొచ్చు. మొదటిదాంట్లో పెట్టలేం.

నాగావళి, రాయగడ

"ఐ డోంట్ నో దట్ వేర్ ఈజ్ హి గోయింగ్." ఈ వాక్యం ప్రతి కాపీలోనూ కనబడుతోంది. ఎక్కడ పట్టుకోవాలి?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందులో రెండు తప్పులున్నాయి, రెంటికీ కారణాలు వేరు. 'దట్' మన "అని" లోంచి వచ్చింది. "ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు" అన్నదాంట్లో "ఎక్కడికి"తో పాటు "అని" కూడా ఉంది. ఇంగ్లిషులో 'వేర్' తానే లింకు. పైన ప్రాణహిత గారి లెక్క వేస్తే రెండు క్లాజులకు ఒక్క లింకే చెల్లు, 'దట్' ఎగిరిపోవాలి. రెండోది మాటల వరస. లోపల ఇమిడిన ప్రశ్న ఇక ప్రశ్న కాదు, కర్త ముందుకు వస్తుంది: "వేర్ హి ఈజ్ గోయింగ్."

"వేర్ డస్ హి లివ్" అయితే మూడో పని కూడా ఉంది. 'డస్' పోతూ పోతూ తన 'ఎస్'ను 'లివ్'కి ఇచ్చి వెళ్తుంది: "వేర్ హి లివ్స్." 'డిడ్' అయితే భూతకాలం ఇచ్చి వెళ్తుంది: "వేర్ హి లివ్డ్." పిల్లలు 'డస్' తీస్తారు, 'ఎస్' చేర్చడం మరుస్తారు. ప్రశ్నమాట లేని ప్రశ్నకు లింకు బయటి నుంచి తేవాలి, 'వెదర్' గానీ 'ఇఫ్' గానీ. "హూ కేమ్" లాంటివాటిలో 'హూ'యే కర్త కనుక వరస మారదు: "ఐ నో హూ కేమ్."

పిల్లల నోటి భాషలోంచి చెప్పడం తక్కువతనం అనుకోకండి. ఈ పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశారు. ఇంటి మాట ఎలా పనిచేస్తుందో తెలిసిన పంతులుకే పిల్లాడి తప్పు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుస్తుంది.

గోదారిగట్టు, ధర్మాబాద్

రిలేటివ్ క్లాజు, అంటె పైన చెప్పిన అడ్జెక్టివ్ క్లాజే, కట్టే తీరు గురించి ఎవ్వరు చెప్పలే, అన్నిటికంటె ఎక్కువ మార్కులు గక్కడనే పోతున్నయి. మన తెలుగుల నామవాచకం చివర ఉంటది, వివరం ముందుంటది. "నిన్న బజార్ల మిర్చి అమ్మిన రైతు." ఇంగ్లిషుల అద్దంల చూసినట్టు తిరగబడ్తది. కుడి దిక్కు నుంచి చదువుకుంట పోవాలె: రైతు, అమ్మిన, మిర్చి, బజార్ల, నిన్న. "ద ఫార్మర్ హూ సోల్డ్ చిల్లీస్ ఇన్ ద మార్కెట్ యెస్టర్‌డే." నామవాచకం తర్వాత 'హూ' ఒక్కటి చేర్చుడే. ఈ వాక్యానికి వరస సక్కగ సరిపోతది.

తప్పులు మూడు తీర్ల వస్తయి.

ఒకటి, క్లాజు అయిపోంగనే మళ్ల సర్వనామం. "ద బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే హి ఈజ్ మై ఫ్రెండ్." ఇది మరాఠీ వరస: "జో ముల్‌గా కాల్ ఆలా, తో మాఝా మిత్ర్ ఆహే." 'జో'కు 'తో' జవాబు చెప్పాలె. ఇంగ్లిషుల 'హూ'కు జవాబు అక్కర లేదు. 'హి' కొట్టెయ్యాలె.

రెండోది సొంత తెలుగు తప్పు. తెలుగు ఈ రకం వాక్యంల విభక్తిని మింగేస్తది. "నేను కూసున్న కుర్చీ"ల 'మీద' ఏడున్నది? "నేను చదివిన బడి"ల 'లో' ఏది? "కూరగాయలు కోసిన కత్తి"ల 'తో' ఏది? మనకు వినపడది, అక్కర గూడ లేదు. అందుకే పిల్లలు "ద చెయిర్ ఐ శాట్ ఈజ్ బ్రోకెన్", "ద స్కూల్ ఐ స్టడీడ్ ఈజ్ బిగ్" అని రాస్తరు. ప్రిపొజిషన్ పోయింది. దీనికి మందు, నామవాచకాన్ని మళ్ల క్లాజు లోపల పెట్టి పూర్తి వాక్యం చెప్పిచ్చుడు. "ఐ శాట్ ఆన్ ద చెయిర్." 'ఆన్' ఉన్నదా? అయితే దాన్ని పారెయ్యద్దు. "ద చెయిర్ ఐ శాట్ ఆన్ ఈజ్ బ్రోకెన్", లేకుంటే "ద చెయిర్ ఆన్ విచ్ ఐ శాట్." 'ఆన్ దట్' అని మాత్రం రాయద్దు, ప్రిపొజిషన్ ముందుకు తెస్తే వెనక 'దట్' నిలవది.

మూడోది కర్తతోని క్రియ పొత్తు. "ద లిస్ట్ ఆఫ్ ద స్టూడెంట్స్ హూ హ్యావ్ పాస్‌డ్ ఈజ్ ఆన్ ద బోర్డ్." 'పాస్‌డ్' పక్కన 'ఆర్' పెట్టాలనిపిస్తది. బోర్డు మీద ఉన్నది లిస్టు, స్టూడెంట్లు కాదు.

వంశధార, గుణుపురం

కామా మాట కూడా చెప్పాలి. "ద రైల్వే లైన్ టు పర్లాకిమిడి, విచ్ ఓపెన్‌డ్ ఇన్ 1900, వాజ్ ఎక్స్‌టెండెడ్ టు గుణుపూర్ ఇన్ 1931." పర్లాకిమిడికి రైలు మార్గం ఒక్కటే, ఏదో తేల్చాల్సిన పని లేదు, వివరం అదనం. కనుక ముందూ వెనకా కామాలు, 'దట్' పనికిరాదు. "ద ట్రెయిన్ దట్ గోస్ టు గుణుపూర్ ఈజ్ లేట్" అంటే చాలా రైళ్లలో ఏదో తేలుస్తున్నాం, కామా వద్దు. కామా ఒక్కవైపే పెట్టి వదిలేయడం మామూలుగా కనిపించే తప్పు.

ప్రాణహిత, సిరొంచ

పార్టిసిపుల్ ఫ్రేజ్, అంటె 'సీయింగ్', 'బిల్ట్' లాంటి అసమాపకంతోని కట్టిన ఫ్రేజ్, దగ్గర ఒక తప్పు: "వాకింగ్ టు ద మార్కెట్, ద రెయిన్ స్టార్టెడ్." నడిచింది వానా? ఫ్రేజుకు సొంత కర్త ఉండదు, మెయిన్ క్లాజు కర్తనే దానికీ కర్త. తెలుగు చెవికి ఈ నియమం తెలుసు. "బజారుకు నడుసుకుంట వాన మొదలైంది" అని ఎవ్వరూ అనరు, "నడుస్తుంటె వాన మొదలైంది" అంటరు. కర్తలు వేరైతే మనం "తే"కి మారినట్టు ఇంగ్లిషుల క్లాజుకు మారాలె: "వైల్ ఐ వాజ్ వాకింగ్ టు ద మార్కెట్, ద రెయిన్ స్టార్టెడ్." 'చూసి', 'నడుసుకుంట' లాంటివి ఒకే కర్తకు, కర్త వేరైతే "తే" అని చెప్తే చాలు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

ప్రాణహిత గారూ, ఒక్క సవరణ. "వాన కురిసి వాగు పొంగింది." కురిసింది వాన, పొంగింది వాగు, కర్తలు రెండు. అయినా తెలుగు ఒప్పుకుంటుంది, ఎందుకంటే మొదటిది రెండోదానికి కారణం. ఇంగ్లిషు ఇక్కడ ఒప్పుకోదు. "రెయినింగ్ హెవీలీ, ద స్ట్రీమ్ ఓవర్‌ఫ్లోడ్" తప్పు. "యాజ్ ఇట్ రెయిన్‌డ్ హెవీలీ, ద స్ట్రీమ్ ఓవర్‌ఫ్లోడ్" అనాలి. లేదా కర్తను ఫ్రేజులోనే పెట్టాలి: "ద సన్ హ్యావింగ్ సెట్, దే వెంట్ హోమ్." ఈ రెండోది పుస్తక భాష, మార్చమన్నప్పుడు తప్ప పిల్లలతో రాయించనక్కర్లేదు.

ప్రాణహిత, సిరొంచ

నిజమే మాస్టారు. కారణం చెప్పే వాక్యాలను పక్కకు పెట్టి చెప్పాలె. మంచిగ చెప్పిన్రు.

గోదారిగట్టు, ధర్మాబాద్

సింపుల్, కాంప్లెక్స్ మార్పిడికి జంటలు: 'బికాజ్' వెనక క్లాజు, 'బికాజ్ ఆఫ్' వెనక ఫ్రేజ్. 'ఆల్‌దో' వెనక క్లాజు, 'ఇన్ స్పైట్ ఆఫ్', 'డిస్పైట్' వెనక ఫ్రేజ్. 'డిస్పైట్ ఆఫ్' అన్నది లేదు. 'వైల్' వెనక క్లాజు, 'డ్యూరింగ్' వెనక నామవాచకం. 'బిఫోర్', 'ఆఫ్టర్', 'సిన్స్', 'అంటిల్' రెండు దిక్కులా పోతయి. "బిఫోర్ ద రెయిన్" ఫ్రేజ్, "బిఫోర్ ఇట్ రెయిన్‌డ్" క్లాజ్. అందుకే లింకు మొహం చూసి ఫ్రేజా క్లాజా చెప్పద్దు, వెనక సమాపక క్రియ ఉన్నదా చూడాలె.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

రోజుకు ఐదు వాక్యాలు చాలు, పెన్సిల్‌తో. సమాపక క్రియల కింద రెండు గీతలు, ఒక్కోదాని కర్త కింద ఒక గీత, లింకుల చుట్టూ సున్నా. లెక్క సరిపోయాక ప్రతి లింకు నుంచి దాని క్లాజు ఎక్కడ ముగుస్తుందో అక్కడిదాకా బ్రాకెట్. పేర్లు ఆఖరున. ముందే పేర్లు అడిగితే ఊహించి రాస్తారు. ఇది చేయించి చూడండి:

"ద మ్యాన్ హూ టోల్డ్ మి దట్ ద బస్ హ్యాడ్ లెఫ్ట్ బిఫోర్ ఐ రీచ్‌డ్ ద స్టాండ్ వాజ్ స్టాండింగ్ నియర్ ద షాప్."

నాగావళి, రాయగడ

క్రియలు: టోల్డ్, హ్యాడ్, రీచ్‌డ్, వాజ్. నాలుగు. లింకులు: హూ, దట్, బిఫోర్. మూడు. లెక్క కుదిరింది. 'హూ' అడ్జెక్టివ్ క్లాజ్, 'దట్' నౌన్ క్లాజ్, 'బిఫోర్' అడ్వర్బ్ క్లాజ్. మెయిన్ క్లాజ్ దగ్గర పిల్లలు "వాజ్ స్టాండింగ్ నియర్ ద షాప్" అని మాత్రమే రాస్తున్నారు. కర్త ఏది అంటే 'ద స్టాండ్' అంటున్నారు. 'బిఫోర్' క్లాజు ఏ క్రియను అంటుకుని ఉందన్నది కూడా తేలడం లేదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

మెయిన్ క్లాజ్ రెండు ముక్కలుగా చీలి ఉంది. 'ద మ్యాన్' ఒక కొసన, "వాజ్ స్టాండింగ్ నియర్ ద షాప్" ఇంకో కొసన. మధ్యలో ఒకదాని కడుపులో ఒకటిగా మూడు క్లాజులు. లోపలి బ్రాకెట్ నుంచి ఒక్కొక్కటే అరచేత్తో మూయించండి. ముందు "బిఫోర్ ఐ రీచ్‌డ్ ద స్టాండ్", తర్వాత 'దట్' నుంచి, ఆపైన 'హూ' నుంచి. మూడూ మూసేసరికి "ద మ్యాన్ వాజ్ స్టాండింగ్ నియర్ ద షాప్" మిగులుతుంది, కర్త ఎవరో అడగక్కర్లేదు. ఇక 'బిఫోర్' క్లాజును ఒక్కో క్రియకూ కలిపి అడగండి. నేను చేరకముందు జరిగింది ఏది? చెప్పడమా, నిలబడటమా, బస్సు వెళ్లిపోవడమా? 'హ్యాడ్ లెఫ్ట్' అన్న రూపమే జవాబు చెబుతోంది. నేను చేరడానికి ముందే అయిపోయిన పని కాబట్టే అక్కడ 'హ్యాడ్' వచ్చింది.